విజ్ఞాన కల్పనా సాహిత్యంలో లుప్త సాంకేతికత: పునరావిష్కరణ, అవగాహన

వ్యాససంగ్రహం:

నశించిన నాగరికత వదిలివెళ్లిన యంత్రమో, పత్రమో తరువాతి తరాల చేతికి చిక్కడం విజ్ఞాన కల్పనా సాహిత్యంలో తరచుగా కనిపించే ఇతివృత్తం. వస్తువు దొరకడం వేరు, అది అర్థం కావడం వేరు. ఈ భేదాన్ని ఆధారంగా చేసుకొని ఐదు రచనలను తులనాత్మకంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ప్రతిని భద్రపరచడం, యంత్రాన్ని వాడటం, దానికి అర్థం చెప్పడం అనే మూడు పనులూ అవగాహనగా భ్రమింపజేస్తాయని, పాడైనదాన్ని బాగుచేయగలగడమే అసలైన గీటురాయి అని ఈ రచనల ఆధారంగా నిరూపించడం జరుగుతుంది. కోనసముద్రం ఉక్కు, ఆంటికిథెరా యంత్రం అనే రెండు చారిత్రక ఉదాహరణలతో ఈ ప్రతిపాదనను సరిచూడటం జరుగుతుంది.

కీలకపదాలు: విజ్ఞాన కల్పన, లుప్త సాంకేతికత, పునరావిష్కరణ, అవగాహన, ఆసిమోవ్, మిల్లర్, ఉక్కు.

1. ఉపోద్ఘాతం:

సైన్స్ ఫిక్షన్ అనగానే పాఠకులకు రాబోయే కాలం స్ఫురిస్తుంది. అయితే ఆ సాహిత్యంలో ఒక బలమైన పాయ వెనుదిరిగి చూస్తుంది. అక్కడ భవిష్యత్తులోని మనుషులు శిథిలాల మధ్య నిలబడి, తమ పూర్వులు చేయగలిగిన పనిని తాము చేయలేని స్థితిలో ఉంటారు. మన కాలపు విద్యుత్తు, మన కాలపు ముద్రణ, మన కాలపు రసాయనశాస్త్రం వారికి పురాణాలు. ఈ తలకిందుల అమరిక వల్ల పాఠకుడికి తెలిసిన విషయం పాత్రకు తెలియదు. ఆ తెలియనితనంలోంచి, ‘తెలియడం అంటే ఏమిటి?’ అనే ప్రశ్న పుడుతుంది.

ఈ ప్రశ్నకు వేర్వేరు రచయితలు వేర్వేరు సమాధానాలు ఇచ్చారు. వస్తువు, గ్రంథం, పనివాడి నేర్పు, ఉభయులకూ తెలిసిన ఆధారం అనే నాలుగింటిలో ఏదో ఒకదాన్ని తొలగించి, మిగిలినవాటితో జ్ఞానం తిరిగి నిలబడుతుందా అని పరీక్షించడం ఈ రచనలలో సమానంగా కనిపించే పద్ధతి.

2. ప్రతిని భద్రపరచడం - మిల్లర్ నవల:

వాల్టర్ ఎం. మిల్లర్ జూనియర్ రచించిన ‘ఎ క్యాంటికల్ ఫర్ లీబోవిట్జ్’ నవలకు 1961లో హ్యూగో పురస్కారం లభించింది. అణుయుద్ధం తరువాత ప్రజలు ఆ వినాశనానికి పండితులే కారకులని భావించి, వారిని చంపి, గ్రంథాలను తగులబెడతారు. మిగిలిన కాగితాలను ఒక క్రైస్తవ మఠం శతాబ్దాల పాటు కాపాడుతుంది. రెండవ ప్రపంచయుద్ధంలో మిల్లర్ విమానదళ సభ్యుడిగా ఇటలీలోని మాంటె కసీనో మఠంపై జరిగిన బాంబుదాడిలో పాల్గొన్నాడు. గ్రంథాలు, మఠం, బాంబు ఒకేచోట కలిసే ఈ నవలకు ఆ అనుభవం నేపథ్యమని విమర్శకులు గుర్తించారు.

నవల మొదటి భాగంలో ఫ్రాన్సిస్ అనే యువసన్యాసికి పాతకాలపు నేలమాళిగలో ఒక విద్యుత్ నియంత్రణ వ్యవస్థ నమూనాచిత్రం, ఆ పక్కనే అంగడిలో కొనవలసిన తినుబండారాల జాబితా దొరుకుతాయి. రెండూ అతనికి సమానంగా పవిత్రాలే. నమూనాచిత్రానికి బంగారు అలంకరణలతో ప్రతి తీయడంలో అతడు పదిహేనేళ్లు గడుపుతాడు. మూలంలోని నీలిరంగు నేపథ్యం ఆనాటి ముద్రణ పద్ధతి వల్ల యాదృచ్ఛికంగా ఏర్పడిందే తప్ప దానికి అర్థమేమీ లేదని అతనికి ఆలస్యంగా తెలుస్తుంది. ఏది సారం, ఏది యాదృచ్ఛికం అనేది తెలియనివాడు అన్నింటినీ సమానంగా కాపాడవలసి వస్తుంది. దారిలో ఎదురైన దొంగ అలంకరించిన ప్రతిని తీసుకొని మూలపత్రాన్ని వదిలివేయడం ఈ ఘట్టానికి పరాకాష్ఠ. విలువ ఎక్కడుందో దొంగకు తెలియదు. మూలపత్రంలో ఏముందో సన్యాసికీ తెలియదు.

మిల్లర్ ఈ సన్యాసులను పరిహసించడు. వారి గుడ్డి శ్రద్ధ లేకపోతే రెండవ భాగంలో విద్యుద్దీపం వెలిగేది కాదు. అయితే ఆ దీపాన్ని వెలిగించినది కాగితం ఒక్కటే కాదు. సన్యాసులు కాళ్లతో తొక్కుతూ తిప్పే యంత్రం నుంచి కాంతి పుట్టాలంటే, కాగితంలోని మాటలను పనిగా మార్చుకోగల బుద్ధి కొత్తగా పుట్టవలసి వచ్చింది. భద్రపరచడం అవగాహనకు అవకాశం ఇస్తుంది, అవగాహనను మాత్రం ఇవ్వదు.

3. యంత్రాన్ని వాడటం - ఆసిమోవ్ కథలు:

ఐజాక్ ఆసిమోవ్ ‘ఫౌండేషన్’ కథలు 1942 నుంచి పత్రికలో వెలువడి, 1951లో గ్రంథంగా వచ్చాయి. మిల్లర్ ప్రపంచంలో కాగితం ఉంది, యంత్రం లేదు. ఆసిమోవ్ ప్రపంచంలో యంత్రం ఉంది, దాని వెనుక ఉన్న శాస్త్రం లోపించింది. గెలాక్సీ సామ్రాజ్యం అంచున ఉన్న రాజ్యాలు అణుశక్తి పరిజ్ఞానాన్ని కోల్పోతాయి. టెర్మినస్ గ్రహంలోని శాస్త్రజ్ఞులు ఆ శక్తిని మతం ముసుగులో వారికి అందిస్తారు. పూజారులు మీటలు నొక్కడం నేర్చుకుంటారు. కారణం నేర్చుకోరు. వారికి అది కర్మకాండ, టెర్మినస్‌కు అది రాజకీయాయుధం. ఇక్కడ అజ్ఞానం ప్రమాదవశాత్తు కలిగినది కాదు. ఒక వర్గం తన ఆధిపత్యం కోసం మరొక వర్గంలో పెంచి పోషించినది.

ఈ చర్చలో కీలకమైన సన్నివేశం వర్తకుడు హోబర్ మాలో కథలో ఉంది. సామ్రాజ్యానికి చెందిన శక్తి ఉత్పాదక కేంద్రంలోకి లంచమిచ్చి ప్రవేశించిన మాలో, అక్కడి సాంకేతిక ఉద్యోగిని ఒక చిన్న గొట్టం పగిలిపోతే ఏం చేస్తావని అడుగుతాడు. వంశపారంపర్యంగా ఆ పదవిని పొందిన ఉద్యోగి వద్ద సమాధానం ఉండదు, కోపం మాత్రమే ఉంటుంది. ఆ యంత్రాలు తరతరాలు నిలిచేలా నిర్మించినవి. అందుకే వాటిని బాగుచేయవలసిన అవసరం ఎన్నడూ రాలేదు. అవసరం లేనిచోట నేర్పు అంతరించింది. సాంకేతికత ఎల్లప్పుడూ విధ్వంసం వల్లనే నశించదని, చక్కగా పనిచేస్తూ ఉండటం వల్ల కూడా నశించగలదని ఆసిమోవ్ సూచించాడు. మాలో వేసిన ప్రశ్న ఈ తరహా రచనలన్నింటికీ గీటురాయిగా ఉపయోగపడుతుంది.

4. అర్థం చెప్పడం - హోబన్ నవల:

రస్సెల్ హోబన్ 1980లో వెలువరించిన ‘రిడ్లీ వాకర్’ నవలలో కాగితం, యంత్రం మాత్రమే కాక భాష కూడా శిథిలమైంది. అణువినాశనం జరిగి వేల ఏళ్లు గడిచిన ఇంగ్లాండులోని కెంట్ ప్రాంతంలో, విరిగి అరిగిన ఆంగ్లంలో ఒక బాలుడు తన కథ చెప్పుకుంటాడు. పాలకుడైన గుడ్‌పార్లీకి ప్రాచీన క్రైస్తవ సాధువు చిత్రాన్ని వర్ణించే ఒక పాత రచనాఖండం దొరుకుతుంది. అందులో ప్రతిమాటా ఏదో రసాయన రహస్యాన్ని దాచుకుందని అతడు నమ్మి, దానికి విస్తారమైన వ్యాఖ్యానం చేస్తాడు. వ్యాఖ్యానం పొందికగానే ఉంటుంది. అయితే ఆ పొందిక గ్రంథంలోనిది కాదు, వ్యాఖ్యాత కోరికలోనిది.

ఇది కల్పనకే పరిమితమైన దోషం కాదు. ‘వైమానిక శాస్త్రం’ పేరుతో ప్రచారంలో ఉన్న సంస్కృత గ్రంథాన్ని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన పరిశోధకులు 1974లో పరిశీలించి, అది 20వ శతాబ్దారంభంలో రూపొందినదని, అందులో వర్ణించిన యంత్రాలు ఎగరజాలవని తేల్చారు. ప్రాచీనతపై గౌరవం ఉన్నవారికి ఇటువంటి పరీక్ష అవమానంగా తోచనవసరం లేదు. పరీక్షకు నిలిచే విద్యను గుర్తించడానికి కూడా అదే మార్గం.

హోబన్ కథలో చివరికి పునరావిష్కృతమయ్యేది అణుశక్తి కాదు, తుపాకిమందు. అదీ గుడ్‌పార్లీ వ్యాఖ్యానం ఫలించి కాదు. బొగ్గు, గంధకం, సూరేకారం సరైన పాళ్లలో కలపడం వల్ల. ఆ ఆవిష్కరణ వెంటనే ప్రాణాలను బలిగొంటుంది.

5. ఉభయసామాన్య ఆధారం - పైపర్, స్ట్రుగాట్‌స్కీ సోదరులు:

హెచ్. బీమ్ పైపర్ 1957లో ప్రచురించిన ‘ఆమ్నిలింగ్వల్’ కథ పై రచనలకు భిన్నంగా ఆశావహమైనది. అంగారక గ్రహంపై యాభై వేల ఏళ్ల క్రితం అంతరించిన జాతి లిపిని చదవడానికి మార్తా డేన్ అనే పురావస్తు శాస్త్రజ్ఞురాలు ప్రయత్నిస్తుంది. రెండు భాషలలో చెక్కిన శాసనమేదీ లేనందున అది అసాధ్యమని సహచరులు వాదిస్తారు. శిథిల విశ్వవిద్యాలయంలో గోడపై కనిపించిన మూలకాల పట్టిక ఆ చిక్కును విప్పుతుంది. హైడ్రోజన్ ఏ గ్రహంపైనైనా హైడ్రోజనే. రెండు జాతులకు భాష ఉమ్మడి కాకపోయినా ప్రకృతి ఉమ్మడి. గుడ్‌పార్లీ వ్యాఖ్యానానికి లేని ఆధారం మార్తా పఠనానికి ఉంది. ఆమె ఊహ తప్పయితే పట్టికలోని తరువాతి గడి దాన్ని పట్టి ఇస్తుంది.

ఈ విశ్వాసాన్ని రష్యన్ రచయితలు అర్కాదీ, బోరిస్ స్ట్రుగాట్‌స్కీ 1972 నాటి ‘రోడ్‌సైడ్ పిక్నిక్’ నవలలో ప్రశ్నించారు. గ్రహాంతరవాసులు వదిలివెళ్లిన వస్తువులను మనుషులు ప్రాణాలకు తెగించి సేకరిస్తారు. వాటిలో కొన్నింటిని తరగని బ్యాటరీలుగా వాహనాల్లో వాడుకుంటారు. ఆ వస్తువుల అసలు ప్రయోజనం అదేనా అనేది ఎవరికీ తెలియదు. సూక్ష్మదర్శినితో మేకులు కొడుతున్నామేమోనన్న సందేహం ఒక శాస్త్రజ్ఞుడి పాత్ర ద్వారా వ్యక్తమవుతుంది. ఇవి పోగొట్టుకున్న విద్యలు కావు, పరాయి విద్యలు. అయినా ఈ నవల ప్రస్తుత చర్చకు అవసరమే. ప్రకృతి ఉమ్మడి అయినంత మాత్రాన ప్రయోజనం తెలియదు. ఒక వస్తువును ఎందుకు చేశారో తెలియాలంటే చేసినవారి జీవితం కొంతైనా తెలియాలి.

6. చారిత్రక ఉదాహరణలతో పరిశీలన:

కల్పనలోని ఈ సమాధానాలు వాస్తవ చరిత్రకు ఎంతవరకు సరిపోతాయో చూడటం అవసరం. గ్రీసు దేశపు ఆంటికిథెరా ద్వీపం వద్ద మునిగిన ఓడ నుంచి 1901లో వెలికివచ్చిన కంచు యంత్రశకలాలు దశాబ్దాల పాటు ఎవరికీ పూర్తిగా అర్థం కాలేదు. డెరెక్ డి సోలా ప్రైస్ 1974లో ప్రకటించిన అధ్యయనం, ఆ తరువాత ఎక్స్-కిరణాల సహాయంతో సాగి 2006లో వెలువడిన పరిశోధన దాని స్వరూపాన్ని వెల్లడించాయి. 223 పళ్లున్న చక్రం గ్రహణాలు పునరావృతమయ్యే 223 చాంద్రమాసాల ఆవృత్తికి సరిపోయింది. ఆకాశం నాటికీ నేటికీ ఉమ్మడి కనుకనే ఇది సాధ్యమైంది. పైపర్ కథకు ఇది వాస్తవ నిదర్శనం.

రెండవ ఉదాహరణ తెలుగు నేలకు సంబంధించినది. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం మూస ఉక్కు తయారీకి ప్రసిద్ధి పొందిన కేంద్రం. ఇనుపముక్కలను వృక్షసంబంధమైన పదార్థంతో కలిపి మట్టిమూసలలో మూసి, చాలాసేపు కాల్చి, నెమ్మదిగా చల్లార్చే ఈ విద్య 19వ శతాబ్దంలో క్షీణించింది. ఐరోపాలో ‘ఊట్జ్’గా పేరొందిన దక్షిణభారత ఉక్కు రహస్యం కోసం మైఖేల్ ఫారడే కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి ప్రయోగాలు చేశాడు. రహస్యం దొరకలేదు. ఆ అన్వేషణ మాత్రం మిశ్రమ ఉక్కుల అధ్యయనానికి దారితీసింది. 1990లలో జాన్ వెర్‌హోవెన్, ఆల్ఫ్రెడ్ పెండ్రే ఆ ఉక్కుతో చేసిన కత్తులపై కనిపించే అలల చారికలకు లోహంలోని అత్యల్ప పరిమాణపు వనేడియం వంటి మూలకాలు కారణమని ప్రతిపాదించారు.

ఈ ఉదాహరణ కల్పనారచయితలు అంతగా పట్టించుకోని ఒక అంశాన్ని ముందుకు తెస్తుంది. వనేడియం పేరు కమ్మరికి తెలియదు. అయినా ఏ ముడి ఇనుము మంచిదో, నిప్పు రంగు ఎప్పుడు సరిపోతుందో అతని కంటికి, చేతికి తెలుసు. ఆ జ్ఞానంలో కొంత భాగం మనిషిలో, కొంత భాగం ఆ నేల ఖనిజంలో ఉంది. గ్రంథం భద్రంగా ఉన్నా కమ్మరి కుటుంబం వృత్తి మానుకుంటే విద్య పోతుంది. మిల్లర్ మఠంలో కాగితాలను కాపాడినవారున్నారు. కొలిమిని కాపాడినవారి కథ విజ్ఞాన కల్పనలో ఇంకా తగినంతగా రాలేదు.

7. ముగింపు:

• లుప్త సాంకేతికతను తిరిగి పొందడమంటే మరుగునపడినదాన్ని యథాతథంగా వెలికితీయడం కాదు. వర్తమానంలోని బుద్ధి దాన్ని మళ్లీ నిర్మించుకోవడం.

• ప్రతి తీయడం, వాడటం, వ్యాఖ్యానించడం అవగాహనకు తోడ్పడవచ్చు. కానీ అవి అవగాహనకు నిదర్శనాలు కావు. మాలో అడిగినట్లు, పాడైతే బాగుచేయగలమా అన్నదే నిదర్శనం.

• వ్యాఖ్యానం తప్పని చూపగల ఆధారం లేనిచోట పునరావిష్కరణ స్వీయకాంక్షకు అద్దమవుతుంది. ‘రిడ్లీ వాకర్’, ‘ఆమ్నిలింగ్వల్’ ఈ విషయంలో పరస్పర పూరకాలు.

• జ్ఞానాన్ని ఎవరు, ఎవరికి, ఏ షరతుతో అందిస్తున్నారన్నది సాంకేతిక ప్రశ్నతో పాటే అడగవలసినది. ఫౌండేషన్ పూజారుల అజ్ఞానం కోరి కల్పించినది.

• అవగాహన సంపూర్ణమైనా వివేకానికి హామీ లేదు. మిల్లర్ నవల మూడవ భాగంలో మనుషులు పోగొట్టుకున్న శాస్త్రాన్నంతా తిరిగి సంపాదించుకుంటారు. దానితో రెండవసారి అణుయుద్ధం చేస్తారు. మఠం కాపాడిన కాగితాలు మరొకసారి ప్రయాణం కడతాయి, ఈసారి నక్షత్రాల వైపు. వాటితోపాటు వెళ్లేవారు ఏ ప్రశ్న అడుగుతారన్నది నవల పాఠకుడికే వదిలేసింది.