దళసరి గీతలో మహాప్రాణం: ‘రామభద్ర’ ఖతి, ‘ధవళేశ్వరం’ అనే పదం

తెలుగు ఖతుల మీద మన చర్చ చాలావరకు సాంకేతిక సమస్యల దగ్గరే ఆగిపోతున్నది. అక్షరం తెరపై కనిపిస్తున్నదా, ఒత్తులు సరిగా అతుకుతున్నాయా అన్నవే ప్రశ్నలు. కనిపించిన అక్షరం ఎలా ఉన్నది, ఏ పనికి తగినది అన్న విమర్శ అరుదు. కావ్యాన్ని విమర్శించే మనం ఆ కావ్యాన్ని మోసే అక్షరాన్ని వదిలివేశాం. ఈ వ్యాసం ఒక ఖతిని, ఒక పదాన్ని మాత్రమే తీసుకుంటుంది. ఖతి ‘రామభద్ర’, పదం ‘ధవళేశ్వరం’.

అష్టదిగ్గజాలలో ఒకడిగా ప్రసిద్ధుడైన అయ్యలరాజు రామభద్రుని పేరు పెట్టుకున్న ఈ ఖతిని పురుషోత్ కుమార్ గుత్తుల 2013లో రూపొందించగా, సిలికానాంధ్ర స్వేచ్ఛా అనుమతితో అందుబాటులోకి తెచ్చింది. గూగుల్ ఫాంట్స్ నుంచి ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. శీర్షికలు, పోస్టర్లు, ఆహ్వాన పత్రికలు దీని క్షేత్రం. పుస్తక పాఠం కాదు. గీత దళసరి, మందంలో హెచ్చుతగ్గులు స్వల్పం, వంపులు గుండ్రన. లాటిన్ లిపి పరిభాషలో చెప్పాలంటే ఇది జ్యామితీయ శైలికి దగ్గరి బంధువు.

అయితే ఆ పరిభాష తెలుగుకు ఎంతవరకు నప్పుతుంది? 1927లో పాల్ రెన్నర్ ‘ఫ్యూచురా’ను రూపొందించినప్పుడు వృత్తం, సరళరేఖ అనేవి రోమన్ అక్షరంపై బయటి నుంచి తెచ్చిపెట్టిన క్రమశిక్షణ. శతాబ్దాల కలం వంపును కాదని అక్కడ వృత్తాన్ని ఎంచుకున్నారు. తెలుగులో వృత్తం ఎంపిక కాదు, లిపి స్వభావమే. కనుక గుండ్రదనం వల్ల తెలుగు ఖతి జ్యామితీయం కాదు. గుండ్రదనం అన్నిటా ఒకే కొలతకు, గీత అన్నిటా ఒకే మందానికి వచ్చినప్పుడే అలా అవుతుంది. చిక్కంతా ఈ ఏకరూపతలోనే ఉన్నది. తెలుగు అక్షరాలలో పెద్ద వంపులు చాలావరకు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. భేదాన్ని చూపేవి చిన్న గీతలు, చుక్కలు, చిన్న చిన్న ఎడాలు. దళసరి గీత మొదట మింగేది వాటినే.

‘ధవళేశ్వరం’ దీనికి మంచి పరీక్ష. చివరి నుంచి చూద్దాం. ‘రం’లో తలకట్టు ఉన్న గుండ్రం ఒకటి, తలకట్టు లేని గుండ్రం ఒకటి. రెండు నిండు వలయాలు పక్కపక్కన నిలిచి పదాన్ని బరువుగా ముగిస్తాయి. ఇటువంటి ఖతికి ఇంతకంటే అనువైన అక్షరాల జంట దొరకదు. ‘శ్వ’ దగ్గరికి వస్తే ఇబ్బంది మొదలవుతుంది. వ ఒత్తు కిందికి దిగాలి. దానికి పై అక్షరమంత మందమిస్తే లోపలి ఖాళీ మూసుకుపోయి ముద్దవుతుంది, మందం తగ్గిస్తే మరో ఖతి నుంచి అరువు తెచ్చినట్లుంటుంది. ఏ దళసరి తెలుగు ఖతీ ఈ రెండింటి మధ్య రాజీ పడక తప్పదు. దానికి తోడు, ఫ్లెక్సీలో స్థలం మిగల్చడానికి వరుసల మధ్య ఎడం తగ్గిస్తే, పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి.

అసలు పరీక్ష మొదటి అక్షరానిదే. ‘ద’ అడుగున చిన్న నిలువు గీత ఉంటేనే ‘ధ’. ‘ధార’ నుంచి ఆ గీతను తీసేస్తే ‘దార’, అంటే భార్య. సన్నని ఖతిలో ఆ గీత స్పష్టంగా విడిగా నిలుస్తుంది. దళసరి ఖతిలో దాని చుట్టూ ఖాళీ తగ్గి, కింది వంపులో అది కేవలం ఒక ఉబ్బుగా మిగిలే ప్రమాదం ఉన్నది. ఆంగ్లేయుల కాలపు రాతలో ఈ ఊరి పేరు ఎలాగూ మహాప్రాణాన్ని పోగొట్టుకున్నది. తెలుగు రాతలోనూ పోగొట్టుకోవడం న్యాయం కాదు. ఊరివారు ఎలా ఉన్నా చదువుకుంటారు కదా అనవచ్చు. నిజమే, పరిచిత పదాన్ని మనం ఆకారంతోనే గుర్తుపడతాం. కానీ బోర్డు అవసరమయ్యేది ఊరు తెలియనివారికి. విద్యార్థుల మహాప్రాణ దోషాలకు ఖతులే కారణమనడం అతిశయోక్తి అవుతుంది గాని, వాటిని దిద్దే అవకాశం ఉన్న చోట మసకబరచడం మాత్రం ఖతి చేసే తప్పే.

చేతిరాత ఈ చిక్కును మరోలా పరిష్కరించింది. నరసాపురంలో పుట్టిన బాపు అక్షరాలలో మందం కుంచె ఒత్తిడి నుంచి వస్తుంది, వంపు తిరిగేచోట సన్నబడుతుంది. బోర్డు రాసే చిత్రకారుడు కూడా ‘ధ’ రాసేటప్పుడు అడుగు గీతను కాస్త కిందికి లాగుతాడు, ఒత్తు కోసం ముందే చోటు విడుస్తాడు. అతడు రాసేది అక్షరాన్ని కాదు, ఆ పదాన్ని. ఖతిలోనూ సందర్భాన్ని బట్టి ప్రత్యామ్నాయ రూపాలు అమర్చే వీలు ఓపెన్‌టైప్ సాంకేతికతలో ఉన్నది. తెలుగు శీర్షిక ఖతుల రూపకర్తలు ముందుగా శ్రద్ధ పెట్టవలసింది అక్కడే అని నా అభిప్రాయం.

మరొక సంగతి వాడుకరులకు సంబంధించినది. రామభద్రలో ఉన్నది ఒక్క మందమే. అది చూపుకు ఎంత దళసరి అయినా కంప్యూటర్‌కు ‘సాధారణం’. అందువల్ల ‘బోల్డ్’ మీట నొక్కితే సాఫ్ట్‌వేర్ అక్షరపు అంచులను కృత్రిమంగా ఉబ్బిస్తుంది. రూపకర్త జాగ్రత్తగా మిగిల్చిన ఖాళీలు అక్కడితో మూసుకుపోతాయి. ఈ నింద ఖతిపై వేయరాదు. ‘బాలూ తమ్ముడు 2’ వంటి ఖతిలో అయిదు మందాలు విడివిడిగా ఉన్నాయి కనుక ఆ అవసరమే రాదు.

ధవళేశ్వరంలో ఇది సౌందర్య చర్చగా మాత్రమే ఉండదు. కాటన్ ఆనకట్ట నిర్మాణం 1852లో ముగిసిన ఈ చోట, వరద కాలంలో బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది జారీ అవుతుంది. అంకెలు ఏ దళసరి ఖతిలోనైనా దూరం నుంచి తెలుస్తాయి. ‘ప్రమాద హెచ్చరిక’ అలా కాదు. ‘ప’లో తలకట్టుకు, అక్షర శరీరానికి మధ్య సన్నని ఎడం ఉండాలి, ‘చ్చ’లో ఒత్తు విడిగా కనిపించాలి, వానలో, మసక వెలుతురులో చదవగలగాలి. ఆ బోర్డుపై ఊరి పేరును రామభద్రలో పెద్దగా, అడుగు గీతకు చోటిచ్చి రాయవచ్చు. దాని కింది హెచ్చరికను మాత్రం మధ్యస్థ మందమున్న మరో ఖతిలో, వరుసకూ వరుసకూ ఒత్తు దిగేంత ఎడంతో కూర్చాలి.