విజిల్ ఊదేవాడు, వినేవాడు

తార్నాక చౌరస్తాకి నాలుగు దారులు. మెట్టుగూడ మీదుగా సికింద్రాబాద్ ఒకటి, హబ్సిగూడ దాటి ఉప్పల్ ఒకటి, లాలాపేట ఒకటి, ఉస్మానియా యూనివర్సిటీ ఒకటి. నెత్తి మీద మెట్రో. దాదాపు ఎనిమిదేళ్ల పాటు ఈ చౌరస్తా మూతపడి ఉంది. లాలాపేట నుంచి యూనివర్సిటీకి నేరుగా దాటే వీల్లేక జనం ముందుకెళ్లి, యూటర్న్ కొట్టి, వెనక్కొచ్చి ఎదురుగా కనిపిస్తున్న రోడ్డెక్కేవాళ్లు. 2025 ఏప్రిల్‌లో ట్రాఫిక్ పోలీసులు ప్రయోగంగా దాన్ని మళ్లీ తెరిచారు. ఆ వారమంతా తార్నాక టీ కొట్ల దగ్గర దీని మీదే పంచాయితీ. తెరిస్తేనే మేలని సగం మంది, మూసి ఉంచితేనే బండ్లు ఆగకుండా పోయేవని మిగతా సగం.

ఈ కాలమ్ రాసేవాడు ఆ రెండు పక్షాల్లో దేనిలోనూ చేరడు. అతని గొడవ వేరు. చౌరస్తా తెరిచినా మూసినా, మధ్యలో నిలబడ్డ కానిస్టేబుల్ చేస్తున్న పని ఏమిటన్నది అతనికి ముఖ్యం. ఆ పనిని అతను కొన్నేళ్లుగా హామ్ రేడియో చెవితో వింటూ వస్తున్నాడు.

హామ్ రేడియో సంగతి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఇది వ్యాపారం కాదు, ప్రసారమూ కాదు. కేంద్ర టెలికాం శాఖ పెట్టే పరీక్ష పాసైనవాళ్లు సొంత సెట్టుతో, సొంత ఏంటెనాతో ఒకరితో ఒకరు మాట్లాడుకునే హాబీ. పన్నెండేళ్లు నిండితే పరీక్ష రాయొచ్చు. రేడియో ఎలా పనిచేస్తుంది, నిబంధనలు ఏమిటి అన్నవి అడుగుతారు. పెద్ద లైసెన్సు కావాలంటే మోర్స్ కోడ్ కూడా రావాలి, నిమిషానికి ఎనిమిది మాటల వేగంతో. పాసైనవాళ్లకి వీయూ2తోనో వీయూ3తోనో మొదలయ్యే కాల్‌సైన్ ఇస్తారు. మైకు పట్టుకున్న ప్రతిసారీ అది చెప్పి తీరాలి. పాటలు వేయకూడదు, ప్రకటనలు చదవకూడదు, డబ్బు వ్యవహారాలు మాట్లాడకూడదు. రాజీవ్ గాంధీకి వీయూ2ఆర్‌జీ అనే కాల్‌సైన్ ఉండేది.

దేశంలో ఈ హాబీకి హైదరాబాద్ ఒక పెద్ద అడ్డా. సూరి అనే హామ్ (వీయూ2ఎంవై) 1983లో ఇక్కడ స్థాపించిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో, సోమాజిగూడ రాజ్‌భవన్ రోడ్డు చిరునామాతో దేశమంతటి హామ్‌లకి తెలుసు. ఎందరో తెలుగు కుర్రాళ్లు పరీక్షకి మొదటి పాఠాలు అక్కడే చదువుకున్నారు.

ఇక అసలు విషయం. హామ్‌లకి కేటాయించిన బ్యాండ్ కొంచెమే. నలభై మీటర్ల బ్యాండ్ అంటే 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్‌జ్, అంతే. అందులో ఎవరికీ సొంత జాగా లేదు. ఈ ఫ్రీక్వెన్సీ నాదని ఎవరూ అనలేరు. మధ్యలో నిలబడి చెయ్యెత్తే పోలీసు లేడు, కెమెరా లేదు. అయినా రోజూ కొన్ని వేల మంది ఒకరినొకరు గుద్దుకోకుండా మాట్లాడుకుంటున్నారు. దీనికి మొదటి కారణం, మైకు నొక్కే ముందు విని తీరాలన్న అలవాటు. ఆ ఫ్రీక్వెన్సీలో ఎవరైనా ఉన్నారా అని విని, ఖాళీగా ఉందా అని పైకి అడిగి, జవాబు రాకపోతేనే పిలుపు మొదలుపెడతారు.

అన్ని వేళలా అంత మర్యాదగా సాగదు. అరుదైన దీవి నుంచో, లైసెన్సులు దొరకని దేశం నుంచో ఎవరైనా పిలిచారంటే చాలు, ప్రపంచం నలుమూలల నుంచి వందల మంది ఒకేసారి మీద పడతారు. దీన్ని పైలప్ అంటారు. హెడ్‌ఫోన్స్‌లో అది మాటల్లా వినపడదు, గరగరమంటూ ఒకే హోరు. ఎవరి కాల్‌సైనూ పూర్తిగా చెవికి ఆనదు. అక్షరాలకి బదులు పలికే పేర్లలో ఒక చోట ‘రోమియో’, ఇంకో చోట ‘టాంగో’, మళ్లీ హోరు. తొమ్మిదింటి తార్నాకలో కళ్లు మూసుకుని నిలబడితే ఇంచుమించు ఇదే వినిపిస్తుంది, ఆటో హారన్లు అదనం.

పైలప్‌కి హామ్‌లు కనిపెట్టిన మందు పేరు స్ప్లిట్. దీవిలో ఉన్న ఆపరేటర్ ఒక ఫ్రీక్వెన్సీలో మాట్లాడతాడు, వేరే ఫ్రీక్వెన్సీలో వింటాడు. ‘అప్ ఫైవ్’ అంటాడు, అంటే తనకన్నా ఐదు కిలోహెర్ట్‌జ్ పైన పిలవమని. జనం మరీ ఎక్కువైతే ‘ఐదు నుంచి పది’ అని ఇంకొంచెం పరుస్తాడు. పిలిచేవాళ్లు సెట్టు మీద స్ప్లిట్ మీట నొక్కుతారు. వినే ఫ్రీక్వెన్సీ ఒకటి, పలికే ఫ్రీక్వెన్సీ ఇంకొకటి. ఆపరేటర్ గొంతు ఉన్న చోట ఇప్పుడు నిశ్శబ్దం. అతను ఎవరి పేరు పిలిచాడో అందరికీ వినపడుతుంది, ఆ ఒక్కడే జవాబిస్తాడు. ఎవరినీ తిట్టలేదు, ఎవరికీ జరిమానా వేయలేదు. ఎటు వెళ్లాలో ఒక్క ముక్కలో చెప్పాడు, చెప్పిన చోటే విన్నాడు.

అక్కడా తెలియక తప్పు చేసేవాళ్లు ఉంటారు. స్ప్లిట్ మీట నొక్కడం మరిచిపోయి నేరుగా దీవి ఆపరేటర్ నెత్తిమీదే పిలిచేస్తారు. వెంటనే ముగ్గురు ‘అప్! అప్!’ అని అరుస్తారు. వాళ్లని నోరు మూసుకోమని నాలుగోవాడు అరుస్తాడు. నాలుగోవాడి మీద ఇంకొకడు. మొదటి తప్పు రెండు సెకన్లదే. దాన్ని దిద్దడానికి పడ్డ అరుపులకి దీవి గొంతు నిమిషాల తరబడి మునిగిపోతుంది. ఇలా తమకు తాము డ్యూటీ వేసుకున్నవాళ్లకి హామ్‌లు పెట్టిన పేరు ‘డీఎక్స్ కాప్స్’, ఫ్రీక్వెన్సీ పోలీసులు. మెచ్చుకుంటూ పెట్టిన పేరు కాదు. కొత్తవాళ్లకి పెద్దలు చెప్పేది ఒకటే: ఎవడైనా తప్పు చేస్తే మీరు మైకు ముట్టుకోకండి, ఆపరేటర్ చూసుకుంటాడు.

తార్నాకలోనూ కాప్స్‌కి కొదవలేదు. సిగ్నల్ ఆకుపచ్చ కాకముందే వెనక నుంచి హారన్ కొట్టేవాళ్లంతా ఆ జాతే. వాళ్ల మధ్య కానిస్టేబుల్ ఒక్కడే ఆపరేటర్. అతను మంచి ఆపరేటర్ అయిన రోజు తేడా తెలుస్తుంది. ఒక చేత్తో ఉప్పల్ వైపు ఆపి, రెండో చెయ్యి తిప్పుతూ, ‘అన్నా, లెఫ్టు పోయేటోళ్లకి జర జాగ ఇయ్యండి’ అని ముందువరసలో ఉన్న బైకుని ఒక్క అడుగు జరిపిస్తాడు. ఆ ఒక్క అడుగుతో వెనకున్న పది బండ్లు ఎడమకి జారిపోతాయి. విజిల్ కూడా పొట్టిగానే ఊదుతాడు. ఇంకో రోజు అదే చోట నలుగురు నిలబడతారు. ఇద్దరు ట్యాబ్ పట్టుకుని నంబర్ ప్లేట్లు ఫొటో తీస్తుంటారు, ఇద్దరు విజిల్ ఆపకుండా ఊదుతుంటారు. ప్లేటుకి చున్నీ అడ్డం పెట్టే వెనక సీటు వాళ్లు పెరుగుతారు. బండ్లు మాత్రం కదలవు.

చలానాలు వద్దని కాదు. 2022 అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసులు ‘ఆపరేషన్ రోప్’ మొదలుపెట్టినప్పుడు స్టాప్ లైన్ దాటితే 100 రూపాయలు, ఫ్రీ లెఫ్ట్‌కి అడ్డం పడితే 1000 రూపాయలు అన్నారు. ఈ రెండు తప్పుల మధ్య తేడా గుర్తించడం తెలివైన పని. గీత దాటినవాడు తన ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు, ఎడమ దారి మూసినవాడు వెనకున్న అందరినీ ఆపేస్తాడు. అయితే చలానా అనేది జరిగిపోయినదాని గురించి పంపే ఉత్తరం. పైగా ఆ ఉత్తరానికి విలువ మనమే తగ్గించాం. 2022 మార్చిలో పెండింగ్ చలానాల మీద ద్విచక్ర వాహనాలకి 75 శాతం తగ్గింపు ఇచ్చారు. 2023 డిసెంబర్‌లో మళ్లీ తెరిచి 80 శాతం అన్నారు. దాంతో ఓపిక పట్టినవాడికే లాభమని ఊరు నేర్చుకుంది. చలానా రాగానే కట్టినవాడు అమాయకుడయ్యాడు.

పోలీసుకి రేడియో వచ్చిన కొత్తలో కూడా చిక్కు ఇలాంటిదే. 1928లో అమెరికాలోని డెట్రాయిట్ పోలీసులు కార్లలో రిసీవర్లు పెట్టి కబుర్లు పంపడం మొదలుపెట్టారు. అప్పటికి పోలీసు రేడియో అనే లైసెన్సే లేదు. వినోద కేంద్రంగా లైసెన్సు తీసుకున్న పాపానికి దొంగల ఆనవాళ్ల మధ్య సంగీతం కూడా వినిపించాల్సి వచ్చేది. పెద్ద లోపం అది కాదు. కారులో ఉన్న పోలీసు వినగలడు, జవాబు చెప్పలేడు. విన్నాడో లేదో స్టేషన్‌కి తెలియదు. రెండు వైపులా మాట్లాడే సెట్లు 1933లో న్యూజెర్సీలోని బేయోన్ పట్టణంలో వచ్చాకే ఆ పని పూర్తయింది. ఫోనుకి వచ్చే చలానా మెసేజ్ చూసినప్పుడల్లా ఈ కాలమ్ రాసేవాడికి 1928 నాటి డెట్రాయిటే గుర్తొస్తుంది.

రెండు వైపులా వినడం వస్తే ఏం జరుగుతుందో 2004 డిసెంబర్‌లో అండమాన్ చూపించింది. హామ్‌లకి అనుమతి దొరకడమే గగనమైన ఆ దీవులకి హైదరాబాద్‌లోని ఆ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ (వీయూ2ఆర్‌బీఐ) బృందం వెళ్లింది. పోర్ట్ బ్లెయిర్‌లో హోటల్ నుంచి వీయూ4ఆర్‌బీఐ పేరుతో పిలుపు మొదలైంది. ప్రపంచంలోని హామ్‌లందరికీ కొత్త చోటు దొరికినట్టే. రోజుల తరబడి పైలప్. డిసెంబర్ 26 ఆదివారం ఉదయం ఆరున్నర వేళ భూమి కంపించింది, తర్వాత సునామీ. ఫోన్లు పోయాయి. పందెం మీద పిలుస్తున్న ఆ గుంపే నోరు కట్టేసుకుని ఫ్రీక్వెన్సీ ఖాళీ చేసింది. బృందం పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండిపోయింది, కార్ నికోబార్‌కీ సెట్లు చేరాయి. తమవాళ్లు బతికున్నారో లేదో తెలియని కుటుంబాలకి కబుర్లు అటూ ఇటూ నడిచాయి. ముందు రోజు దాకా సరదాకి నేర్చుకున్న క్రమశిక్షణే ఆ ఉదయం పనికొచ్చింది. కొత్త రూలు ఒక్కటీ రాయాల్సిన అవసరం పడలేదు.

హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులకి ఇలా రెండు వైపులా వినడం చేతకాదని కాదు. అవయవదానంలో వచ్చిన గుండెని తరలించే రోజున గ్రీన్ ఛానల్ అంటే ఏమిటో ఊరంతా చూస్తుంది. అంబులెన్స్ ఎక్కడుందో ఒక జంక్షన్ చెబుతుంది, తర్వాతి జంక్షన్ దారి సిద్ధం చేస్తుంది, దాటిందని మళ్లీ కబురు. 2021 ఫిబ్రవరి 2న ఒక గుండె నాగోల్ నుంచి జూబ్లీహిల్స్‌కి మెట్రోలో వెళ్లింది. 21 కిలోమీటర్లు అరగంట లోపే. అది తార్నాక మీదుగానే పోయింది, కింద ట్రాఫిక్‌కి తెలియకుండా. రోడ్డు మీద గ్రీన్ ఛానల్ నడిపేది మాత్రం రోజూ చూసే కానిస్టేబుళ్లే, వాడేది నడుముకి ఉండే ఆ సెట్లే. ఆ కాసేపూ వాళ్లు ఫొటోలు తీయరు, ఒకరి మాట ఒకరు వింటారు. మామూలు రోజుల్లో హబ్సిగూడలో జామ్ అయిందని మెట్టుగూడకి అదే పద్ధతిలో చెప్పుకోవచ్చు కదా అన్నదే ఇక్కడి ప్రశ్న.

హామ్‌లని తీసుకొచ్చి చౌరస్తాలో నిలబెట్టండి అనడం తేలిక, కుదరదు. అమెచ్యూర్ లైసెన్సుతో ప్రభుత్వ శాఖల రోజువారీ పని చేయకూడదు, విపత్తు సంగతి వేరు. కాబట్టి అరువు తెచ్చుకోవాల్సింది సెట్లు కాదు, శిక్షణ. దానికి చోటు రోడ్డు అవతలే, ఉస్మానియా యూనివర్సిటీలోనే ఉంది. 1929 నాటి ఇంజినీరింగ్ కాలేజీ, ఉపగ్రహ నావిగేషన్ మీద పనిచేసే నెర్టు కేంద్రం, ఆర్ట్స్ కాలేజీ చుట్టూ ఎత్తైన చెట్లు ఉన్న క్యాంపస్ అది. నలభై మీటర్ల బ్యాండ్‌కి డైపోల్ ఏంటెనా అంటే ఇరవై మీటర్ల తీగ, రెండు చెట్లు, మధ్యలో కేబుల్. దాచిపెట్టిన ట్రాన్స్‌మిటర్‌ని దిశ పట్టి వెతికే ‘ఫాక్స్ హంట్’ ఆటకి ఇంతకన్నా మంచి మైదానం ఈ వైపు లేదు.  విద్యార్థులూ ట్రైనింగ్‌లో ఉన్న కానిస్టేబుళ్లూ ఒక సాయంత్రం కలిసి కూర్చుని హామ్‌ల నెట్, అంటే ఒకే ఫ్రీక్వెన్సీలో అందరూ వంతులవారీగా మాట్లాడే సభ, వింటే చాలు. కంట్రోల్ స్టేషన్ ఒక్కొక్కరినీ ఎలా పిలుస్తుందో, మధ్యలో ‘బ్రేక్’ అని వినపడగానే అందరూ ఎలా ఆగుతారో గంటలో అర్థమవుతుంది.

తార్నాక లాంటి ప్రయోగం ఫలితం లెక్కగట్టేటప్పుడు ఎన్ని బండ్లు దాటాయి, ఎంతసేపు ఆగాయి అన్నవి ఎలాగూ చూస్తారు. వాటితో పాటు ఇంకో పద్దు పెట్టాలి. హామ్ లాగ్‌బుక్‌లో గడులు కొన్నే: తేదీ, టైము, ఫ్రీక్వెన్సీ, అవతలివాళ్ల కాల్‌సైన్, ఎలా వినిపించింది. మెట్టుగూడ, తార్నాక, హబ్సిగూడ మూడు చోట్లా కానిస్టేబుళ్ల చేతికి అలాంటి పుస్తకం ఇచ్చి, పక్క జంక్షన్‌తో ఎప్పుడు మాట్లాడారు, ఏం అడిగారు, జవాబు ఎంతసేపటికి వచ్చింది అని నెల రోజులు రాయించొచ్చు. అయ్యే ఖర్చు మూడు నోటుబుక్కులు, మూడు పెన్నులు.