ఉపమానం కాని పువ్వు: జార్జియా ఓకీఫ్ చిత్రాల్లో పుష్పం, ప్రతీక, చిత్రణవిధానం

పువ్వును చూడగానే దాని చాటున మరొక వస్తువును వెతకడం మనకు కావ్యపఠనం నేర్పిన అలవాటు. తామర ముఖమవుతుంది, కలువ కన్నవుతుంది, సంపెంగ ముక్కవుతుంది. అరవిందం, అశోకం, చూతం, నవమల్లిక, నీలోత్పలం మన్మథుని చేతిలో బాణాలవుతాయి. ప్రబంధంలో దీనికి ఆక్షేపణ లేదు. అది కవిసమయం, కవికీ పఠితకూ మధ్య ముందే కుదిరిన ఒడంబడిక. అటువంటి ఒడంబడిక ఏదీ చేసుకోని ఒక చిత్రకారిణి పువ్వును గీసినప్పుడు కూడా అదే చూపుతో చదవవచ్చునా? అమెరికన్ చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ (1887–1986) పుష్పచిత్రాలపై వచ్చిన విమర్శ ఈ ప్రశ్నను మన ముందుంచుతుంది.

ఓకీఫ్ పువ్వులను స్త్రీదేహానికి, స్త్రీ లైంగికతకు ప్రతీకలుగా చెప్పడం నేటికీ బలంగా నిలిచి ఉన్న వ్యాఖ్యానం. అయితే దీని కాలక్రమాన్ని గమనించాలి. 1916లో ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్స్ న్యూయార్క్‌లోని తన ‘291’ గ్యాలరీలో ఆమె బొగ్గుచిత్రాలను ప్రదర్శించాడు. అవి అమూర్త రూపాలు. 1921లో అతడు తన ఛాయాచిత్రాల ప్రదర్శనలో ఆమెను తీసిన చిత్రాలను, వాటిలో నగ్నచిత్రాలను కూడా, ప్రజల ముందు పెట్టాడు. అదే ఏడాది మార్స్‌డెన్ హార్ట్‌లీ, పాల్ రోజెన్‌ఫెల్డ్ ఆమె కళను స్త్రీదేహపు అనుభూతి వ్యక్తీకరణగా వర్ణించారు. ఫ్రాయిడ్ ఆలోచనలు న్యూయార్క్ మేధావుల సంభాషణల్లోకి వచ్చి చేరిన రోజులవి. ఓకీఫ్ ఒక్క పువ్వును కాన్వాసు నిండా పెంచి గీయడం మొదలైంది 1924 ప్రాంతంలో. అంటే వ్యాఖ్యానం ముందు పుట్టింది, పువ్వు తరవాత పూసింది. ఆ చిత్రాలను వ్యాఖ్యానానికి ఆధారాలనడం కంటే, సిద్ధంగా ఉన్న వ్యాఖ్యానానికి దొరికిన ఉదాహరణలనడం సబబు.

ఆమె చిత్రణవిధానం మూలాలు వేరేచోట ఉన్నాయి. పాఠశాలలో చిత్రలేఖనం ఉపాధ్యాయురాలు ‘జాక్ ఇన్ ద పల్పిట్’ అనే అడవిమొక్కను తరగతిలో ఎత్తి పట్టుకొని, దాని ఆకృతినీ రంగుల్లోని తేడాలనూ చూపించిందని 1976లో వెలువడిన తన పుస్తకంలో ఓకీఫ్ గుర్తు చేసుకుంది. తరవాత కొలంబియా టీచర్స్ కాలేజీలో ఆర్థర్ వెస్లీ డౌ వద్ద చదువుకుంది. జపాన్ చిత్రకళ నుంచి డౌ గ్రహించి బోధించిన సూత్రం, ప్రకృతికి నకలు తీయడం కాదు, ఉన్న స్థలాన్ని రేఖతో, వెలుగునీడల పొందికతో అందంగా నింపడం. వస్తువుకు అతి దగ్గరగా వెళ్లి అంచులు కత్తిరించి చూపే పాల్ స్ట్రాండ్ ఛాయాచిత్రాలూ ఆమెకు పరిచితమే. ఫాంటిన్-లాతూర్ గీసిన పూల చిత్రమొకటి చూసి, అంత చిన్నగా గీస్తే తనవంటి కొత్త చిత్రకారిణి పువ్వును ఎవరూ చూడరని అనుకున్నట్లు ఆమె చెప్పింది. నగరంలో ఆకాశహర్మ్యాలు లేస్తున్నాయి. పువ్వునూ ఆ తీరున పెంచాలనుకుంది. ‘బ్లాక్ ఐరిస్’ (1926) ఎత్తు 36 అంగుళాలు. అందులో పూజాడీ లేదు, బల్ల లేదు, తోట లేదు. కుంచె జాడ తెలియనంత నునుపుగా రంగు పరచుకొని ఉంటుంది. పువ్వు ఎంత ఉండాలో తెలిసిన కంటికి ఇక్కడ కొలత దొరకదు. ఆ తడబాటులో చూపరి తనకు బాగా తెలిసిన రూపాన్ని, అంటే దేహాన్ని, ఆసరాగా తెచ్చుకుంటాడని నా అభిప్రాయం.

ఈ విధానం స్పష్టంగా కనిపించేది 1930లో గీసిన ‘జాక్ ఇన్ ద పల్పిట్’ వరుసలో. మొత్తం ఆరు చిత్రాలు; వాటిలో ఐదు వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉన్నాయి. ఈ మొక్క మన కంద, చేమల కుటుంబానికి చెందినదే. దొప్పలాంటి చారల తొడుగు, దాని నడుమ నిలువుగా ఒక కంకి. మొదట్లో మొక్కను మొక్కగా గుర్తుపట్టగలం. పోనుపోను ఆకులు జారిపోతాయి, చారలు పోతాయి, తొడుగు రంగుల అలగా మారుతుంది. చివరి చిత్రంలో మిగిలేది నల్లని కంకి, దాని చుట్టూ సన్నని వెలుగు. దానిని పురుషచిహ్నంగా చూసేవారిని తప్పుపట్టలేం. ఆ పోలిక కంటికి తగులుతూనే ఉంది. కాని ప్రతీకను వెతికేవారికి ఆరో చిత్రం ఒక్కటే చాలు. మిగిలిన ఐదింటి అవసరమేమిటో ఆ వ్యాఖ్యానం చెప్పలేదు. ఒక్కొక్కదాన్నే వదులుకుంటూ వస్తువు సారం దాకా నడవడమే ఈ వరుసలోని కథ.

దీనికి మన అలంకారశాస్త్రంలో తగిన పరిభాష ఉంది. వస్తువును ఉన్నదున్నట్లు చెప్పే స్వభావోక్తిని దండి మొదటి అలంకారంగా లెక్కించాడు. కుంతకుడు ఒప్పుకోలేదు. స్వభావమే వర్ణ్యవస్తువైతే ఇక అలంకరించేదేమిటని అతని వాదం. ఓకీఫ్ తన పువ్వు పువ్వేనని పట్టుబట్టినప్పుడు ఆమె దండి పక్షాన నిలిచినట్లుంటుంది. కాని పిడికెడు పువ్వును మూడడుగులకు పెంచడం, అంచులు కోసివేయడం స్వభావమెలా అవుతుంది? అది వక్రతే. వక్రమైన దారిలో వెళ్లి స్వభావాన్ని పట్టుకున్న చిత్రాలివి. అందువల్ల ఇక్కడ ఉపమేయం కోసం వెతకడం వృథా. పరిశీలించవలసింది వక్రత ఎక్కడ, ఎంతమేరకు జరిగిందన్నది. పుష్పప్రతీకల అధ్యాయాన్ని ‘మల్లె అంటే ఇది, మోదుగ అంటే అది’ అనే పట్టికగా ముగించే మన పరిశోధనలకూ ఈ మాట వర్తిస్తుంది.

అలాగని కళాకారిణి మాటే తుదితీర్పు కాదు. చూసేవారు తమ భావాలను తన పువ్వుకు తగిలించి, తాను కూడా అదే చూస్తున్నట్లు రాస్తారని 1939 ప్రదర్శన పత్రంలో ఆమె ఆక్షేపించింది. స్త్రీ గీసిన ప్రతి గీతనూ ఆమె శరీరానికే కట్టివేస్తున్న మగ విమర్శకుల నడుమ పలికిన మాట అది. జూడీ షికాగో ‘ద డిన్నర్ పార్టీ’ (1974–79)లో 39 మంది మహిళలకు వేసిన విస్తళ్లలో ఓకీఫ్‌కూ చోటిచ్చి, అదే దేహరూపాన్ని గౌరవచిహ్నంగా నిలబెట్టింది. ఒకే పోలిక మొదటివారి చేతిలో సంకెల, షికాగో చేతిలో జెండా. రెండు సందర్భాల్లోనూ ఓకీఫ్ పనితనం పక్కకు తప్పుకుంది. ఈ రెండో పఠనానికి చారిత్రక న్యాయముందని ఒప్పుకుంటూనే, అది కూడా చిత్రాన్ని సగమే చూసిందనక తప్పదు.

తెలుగు చూపరికి మరో పరీక్ష ‘జిమ్సన్ వీడ్/వైట్ ఫ్లవర్ నం. 1’ (1932). 2014లో 4.44 కోట్ల డాలర్లకు అమ్ముడై, అప్పటికి మహిళా చిత్రకారుల కృతుల్లో అత్యధిక ధర పలికిన ఈ చిత్రంలోని పువ్వు మన ఉమ్మెత్త జాతిదే. మనకది శివపూజకు చెల్లే పువ్వు, విషం, సంస్కృతంలో ‘ఉన్మత్త’. ఈ మూడు అర్థాలూ మన చూపులో అప్రయత్నంగా పలుకుతాయి. వాటిని ధ్వని అనవచ్చు గాని ఓకీఫ్ ఉద్దేశమనలేం. న్యూ మెక్సికోలో ఆమె చూసిన ఉమ్మెత్త సాయంత్రం విచ్చుకొని ఎండకు ముడుచుకునే తెల్లపువ్వు. మన దిబ్బలమీద ఉమ్మెత్తను పక్కనుంచి చూసి గరాటు అంటాం. ఆమె ఎదురుగా నిలబడి, ఆ గరాటులోపలికి చూసింది. నాలుగడుగుల కాన్వాసుమీద గరాటు మాయమై, అంచుల్లో మొనలు తేలిన తెల్లని చక్రం, దాని నడుమ లేతాకుపచ్చ గొంతు మిగిలాయి.