ముందు వినడం, తర్వాత చదవడం

విజయవాడ నుంచి జగ్దల్‌పూర్ వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి మీద, తెలంగాణ సరిహద్దుకు దగ్గర్లో ఉంటుంది తిరువూరు. 1990లలో ఇలాంటి ఊళ్లలో డీటీపీ సెంటరు నడిపినవాళ్ల దగ్గర పాత ఫ్లాపీల పెట్టె ఒకటి ఇంకా ఉండొచ్చు. అందులో పెళ్లి శుభలేఖలు, ఎన్నికల కరపత్రాలు, ఊరి కవులు సొంత డబ్బుతో వేసుకున్న పుస్తకాల పేజీలు ఉంటాయి. ఆ పుస్తకాల్లో కొన్నిటికి అచ్చు ప్రతి కూడా మిగిలి ఉండదు. అందుకే ఆ పెట్టెలను తెరిచి చదివే పనిముట్టు గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. దాని పేరు గ్రీజ్‌వీజిల్. అరచేతిలో పట్టే చిన్న సర్క్యూట్ బోర్డు అది. ఒక పక్క పాత ఫ్లాపీ డ్రైవు కేబుల్, ఇంకో పక్క యూఎస్‌బీ.

బజారులో దొరికే యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవు ఉండగా ఇదెందుకు అనిపించవచ్చు. ఆ డ్రైవు మూడున్నర అంగుళాల ఫ్లాపీలకే పనికొస్తుంది. అయిదుంబావు అంగుళాల పల్చటి ఫ్లాపీని అందులో పెట్టే వీలే లేదు. అంతకంటే పెద్ద చిక్కు దాని పనితీరులో ఉంది. డిస్కులో సెక్టర్ అనే ఒక్కో ముక్క బాగుంటే 512 బైట్లు ఇస్తుంది, పాడైతే ఎర్రర్ చూపించి ఊరుకుంటుంది. పాత కంప్యూటర్లలోని ఫ్లాపీ కంట్రోలర్ చిప్పులదీ అదే పద్ధతి. డిస్కు మీది సంకేతాన్ని తిరుగుతుండగానే బైట్లుగా మార్చేవి, మారకపోతే వదిలేసేవి. ఆ రోజుల్లో మెమరీ ఖరీదైన సరుకు కాబట్టి అది సబబే. పాతికేళ్లు బీరువాలో పడి ఉన్న డిస్కుకు మాత్రం ఆ తొందర పనికిరాదు.

గ్రీజ్‌వీజిల్‌ను రూపొందించిన కెయిర్ ఫ్రేజర్ ఈ తొందరనే తీసేశాడు. కంప్యూటర్ లోకానికి ఈయన జెన్ హైపర్‌వైజర్ రూపకర్తల్లో ఒకడిగా ముందే తెలుసు. డ్రైవు హెడ్డు కింద అయస్కాంత దిశ మారినప్పుడల్లా డ్రైవు ఒక చిన్న పల్స్ పంపుతుంది. గ్రీజ్‌వీజిల్ ఆ పల్సుకూ పల్సుకూ మధ్య ఎంత కాలం గడిచిందో కొలిచి రాసుకుంటుంది. అంతే. అది ఏ అక్షరమో, ఏ సెక్టరో, అసలు ఐబీఎం డిస్కో అమీగా డిస్కో కూడా ఆ క్షణంలో దానికి పట్టదు. అర్థం చెప్పే పని తర్వాత, తీరిగ్గా, కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్ చేస్తుంది. మృదంగం వింటూ దెబ్బల మధ్య వ్యవధిని మాత్రమే రాసుకుని, అది ఏ తాళమో ఇంటికెళ్లి తేల్చుకోవడం లాంటిది ఇది.

ఆ కొలత ఎంత సున్నితమో చూడండి. తొలి గ్రీజ్‌వీజిల్‌కు వాడిన ‘బ్లూ పిల్’ బోర్డు ఇంజనీరింగ్ విద్యార్థులు ప్రాజెక్టుల్లో వాడే చవకైన బోర్డే. దాని గడియారం సెకనుకు 7 కోట్ల 20 లక్షల సార్లు కొట్టుకుంటుంది. 360 కేబీ ఫ్లాపీలో పల్సుల మధ్య ఎడం మూడు రకాలుగానే ఉండాలి: 4, 6, 8 మైక్రోసెకన్లు. వీటిలో అతి చిన్నదాన్ని కూడా ఈ గడియారం 288 ముక్కలుగా కోసి చూస్తుంది. ఒక్క చుట్టులో ఇలాంటి ఎడాలు సుమారు 40 వేలు వస్తాయి. వాటిని గ్రాఫుగా గీస్తే మంచి డిస్కులో మూడు కోసైన శిఖరాలు కనిపిస్తాయి. అయస్కాంతత్వం బలహీనపడ్డ డిస్కులో ఆ శిఖరాలు వెడల్పై ఒకదాని మీదికి ఒకటి ఒరుగుతాయి. అప్పుడైనా కొలతలు చేతిలోనే ఉన్నాయి. ఎడాల్లో తేడాను ఒప్పుకునే హద్దును పెంచి ఒకసారి, తగ్గించి ఒకసారి, అవే అంకెలను ఎన్నిసార్లయినా డీకోడ్ చేయవచ్చు. ఒక్కో ట్రాకును కొన్ని చుట్ల పాటు విని ఉంచుకుంటే, ఒక చుట్టులో తప్పిన సెక్టర్ మరో చుట్టులో దొరకవచ్చు. ఇన్ని కొలతలు దాచడానికి 1.44 ఎంబీ డిస్కుకు పదుల ఎంబీల ఫైలు అవుతుంది. ఇప్పటి హార్డ్ డిస్కుకు అది లెక్కలోది కాదు.

నాకు మరీ నచ్చేది, పాత వస్తువుల తీరుతెన్నులకు ఈ పనిముట్టు ఇచ్చే మర్యాద. ఫ్లాపీ కేబుల్లో 34 తీగలుంటాయి. ఐబీఎం పీసీ కేబుల్లో 10 నుంచి 16 దాకా తీగలను మధ్యలో మెలితిప్పి ఉంచుతారు, రెండు డ్రైవుల్లో ఏది ఏ, ఏది బీ అని తేల్చడానికి. షుగార్ట్ పద్ధతి కేబుల్లో ఆ మెలిక ఉండదు. గ్రీజ్‌వీజిల్ రెండు రకాలనూ ఒప్పుకుంటుంది. 1.2 ఎంబీ డ్రైవు నిమిషానికి 360 సార్లు తిరుగుతుంది. అందులో 300 చుట్ల వేగంతో రాసిన 360 కేబీ డిస్కు పెట్టినా ఇబ్బంది లేదు. ప్రతి చుట్టుకూ డ్రైవు ఇచ్చే ఇండెక్స్ పల్స్ చూసి అసలు వేగం ఎంతో తెలుసుకుంటుంది, దాన్నిబట్టి లెక్క సరిచేసుకుంటుంది. ఆ డ్రైవులో ట్రాకుల సాంద్రత రెట్టింపు కాబట్టి హెడ్డును ఒక్కో ట్రాకుకు రెండేసి అడుగులు నడిపిస్తుంది. ఇంతా చేసి, ఫ్రేజర్ ఈ సాఫ్ట్‌వేర్‌ను ఏ హక్కూ ఉంచుకోకుండా పబ్లిక్ డొమైన్‌లో పెట్టాడు.

చేతిపని చేసేవాళ్లకు రెండు మూడు జాగ్రత్తలు. అయిదుంబావు అంగుళాల డ్రైవుకు 5 వోల్టులతోపాటు 12 వోల్టులూ కావాలి. యూఎస్‌బీ నుంచి ఆ 12 వోల్టులు రావు కాబట్టి పాత కంప్యూటర్ పవర్ సప్లయి దగ్గరుంచుకోవాలి. రాతను నిరోధించే తీరు రెండు సైజుల్లో తలకిందులుగా ఉంటుంది. పెద్ద ఫ్లాపీలో పక్కనున్న గాటును టేపుతో మూయాలి, చిన్న ఫ్లాపీలో కిటికీని తెరవాలి. మన ఉక్కపోతకు డిస్కుల మీద బూజు పట్టడం మామూలే. బూజున్న డిస్కును అలాగే డ్రైవులో పెడితే హెడ్డుకు అంటుకున్న మురికి తర్వాతి డిస్కును గీకేస్తుంది. ముందు డిస్కును, ఆ తర్వాత హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తగా తుడవాలి.

సెక్టర్లన్నీ దక్కాక తెలుగువాళ్లకు ఇంకో మజిలీ ఉంది. పేజీలు కూర్చే ప్రోగ్రామ్ పేజ్‌మేకర్ ఫైలు తెరుచుకున్నా అందులో తెలుగు అక్షరాలు కనిపించకపోవచ్చు. అను, శ్రీలిపి వంటి అప్పటి ఫాంట్లు తలకట్టు, కొమ్ము, ఒత్తు లాంటి ముక్కలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో పెట్టేవి. ఏ ఫాంటు వాడారో తెలిస్తేనే ఆ ముక్కలను యూనికోడ్ తెలుగులోకి మార్చగలం. అందుకే డిస్కు మీది లేబుల్‌నూ, ఫాంటు ఫైళ్లున్న డిస్కులనూ విడదీయకూడదు. డిస్కులోని పల్సులను ఈ ఏడాది దాచుకుని, అక్షరాల మార్పిడి ఇంకో ఏడాది చేసుకున్నా నష్టం లేదు. బూజు మాత్రం ఆగదు. తిరువూరులోగానీ మరెక్కడగానీ పాత కంప్యూటర్‌ను పాత సామాన్లవాడికి వేసే ముందు, అందులోని ఫ్లాపీ డ్రైవునూ దాని కేబుల్‌నూ ఊడదీసి పక్కన పెట్టండి. గ్రీజ్‌వీజిల్ బోర్డు ఇప్పటికీ తయారవుతోంది, అయిదుంబావు అంగుళాల డ్రైవును మాత్రం ఎవరూ కొత్తగా చేయడం లేదు.