విరహగీతములును వయసు మీఱిన శ్రోతలును

అమెరికాలో ఎమో యను నొక గానపద్ధతి కలదు. 1985 ప్రాంతమున వాషింగ్టన్ నగర యువకులు కొందఱు పంక్ సంగీతపు ఘోషలో తమ హృదయవేదనలను చొప్పింపగా నిది పుట్టెను. పిమ్మట ఆ ఘోషను తీసివేసి, ఒక్క చెక్క గిటారుతో ఒంటిగొంతుకతో వేదనను మాత్రము నిలిపినవారిలో ముఖ్యుడు ఫ్లోరిడాలో పాటలు కట్టిన క్రిస్ కరాబా. డాష్‌బోర్డ్ కన్ఫెషనల్ అను పేర ఈతడు 2000, 2001 సంవత్సరములందు వెలువరించిన రెండు సంపుటములు ఆనాటి విద్యార్థులెందఱికో కంఠపాఠములు. ఈతని గానసభను టెక్సాసు రాష్ట్రమందలి ఆస్టిన్ నగరమున మేము వింటిమి.

ఆస్టిన్ 1991లో తన్ను తాను ప్రపంచమునకే సంగీత సభల రాజధానిగా ప్రకటించుకొన్న యూరు. కంప్యూటరు పనులకై వలసపోయిన తెలుగు కుటుంబములును అచట తక్కువ గావు. అట్టి యూరి శ్రోతలు మెచ్చుట సులభము కాదు. అయినను ఆ రాత్రి వారు పాట వినుటకు వచ్చినట్లే కానరాలేదు, పాడుటకు వచ్చిరి. గాయకుడు మొదటి మాట యెత్తినంతనే సభ యెల్ల అందుకొనెను. అతడు మైకు వదలి వెనుకకు జరిగినను పాట ఆగలేదు. మన భజనగోష్ఠిలో ఒకరు పాడినదానిని పదుగురు మరల పాడుదురు. ఇచట ముందువెనుకలు లేవు. 2002లో ఎమ్‌టీవీ వారు చిత్రించిన ఈతని సభయందును ఇట్లే జరిగినది. నాడు పాడినవారు ఇరువదేండ్లవారు; మా ప్రక్కనున్నవారు నలువది దాటినవారు.

కరాబా కంఠము శిక్షితమైనది కాదు. పైస్థాయిలో అది చీలును. ఆ చీలికయే పాటకు ప్రాణము. గిటారు తీగలను వాడుకకు భిన్నముగా శ్రుతి చేసికొనుటచే ఒక్క వాద్యమే నిండుగా మ్రోగును. ఈ గుణములను మేము సంతోషముతో నొప్పుకొందుము.

దోషము వేఱొకచోట నున్నది. ఈ పాటలలో స్త్రీ ముద్దాయియే కాని ఆమె వాఙ్మూలము ఎవరును తీసికొనరు. ఆమె విడిచిపోయినది, మఱచినది, మోసగించినది. ఏల యని అడిగినవారు లేరు. ఈ లోపమును జెస్సికా హాపర్ అను విమర్శకురాలు 2003లోనే ఎమో గాయకులందఱి విషయమున ఎత్తిచూపెను. 1925 నాటి కృష్ణపక్షము మొదలు భావకవుల విరహమును చదివిన మనకు ఈ ఊహాప్రేయసి క్రొత్తది కాదు. కాని సభలో సగము స్త్రీలే యయి, తమవంటి దానిపై మోపిన నేరమును తామే గొంతెత్తి పాడుచుండగా మాకు మనసు చివుక్కుమన్నది.

కరాబా స్వయముగా ఆ వయసును దాటినాడు. 1975లో జన్మించిన ఈతడు 2020లో మోటారుసైకిలు ప్రమాదమున తీవ్రముగా గాయపడి కోలుకొనెను. 2022లో వెలువడిన సంపుటమున గృహస్థుని గొంతు వినబడును. అందు నిందలు తగ్గినవి, ఎదుటిమనిషి కనబడుచున్నది. మా మతమున ఇవియే మేలైన పాటలు. ఆ సభ వీనికి మర్యాదగా చప్పట్లు కొట్టెనే కాని గొంతు కలుపలేదు. తాము పెద్దవారైనను గాయకుడు మాత్రము ఇరువదియైదేండ్ల వానిగానే నిలువవలెనని కోరుట ప్రేమ కావచ్చును, న్యాయము మాత్రము కాదు.

పాతపాటను తలచుకొనుట తప్పని మేమనము. మన యిండ్లలోని పిల్లలును ఇట్టి పాటలు వినుచునే యున్నారు. వారిని వారింపబనిలేదు. పాట ముగిసిన పిమ్మట, ఆ పిల్లయే పాడినచో ఏమని పాడియుండునో యని ఒక్కమాఱు వారిని అడిగిన చాలును.