పక్కన కూర్చున్న మనిషి

నూజివీడు గిఫర్డ్ ఆసుపత్రి పేరు తెలిసినవాళ్లు మన దగ్గర చాలామందే ఉంటారు. 1925లో దాన్ని నెలకొల్పిన సెవెంత్‌డే అడ్వెంటిస్టు సంఘం తన తరఫున అధికారికంగా విదేశానికి పంపిన మొట్టమొదటి మిషనరీ ఎవరో తెలిసినవాళ్లు తక్కువ. ఆయన జాన్ నెవిన్స్ ఆండ్రూస్. అమెరికాలో, మెయిన్ రాష్ట్రంలో 1829లో పుట్టారు. బడి చదువు చిన్నతనంలోనే ఆగిపోయింది. గ్రీకు, లాటిన్, హీబ్రూ సొంతంగా నేర్చుకుని, పాత గ్రంథాలన్నీ గాలించి, విశ్రాంతి దినం చరిత్ర మీద పెద్ద పుస్తకం తెచ్చారు. సంఘంలో ఆయనంత చదువరి లేడని పేరు.

నన్ను పట్టుకున్నది ఆ పుస్తకం కాదు, ఆ తర్వాతి కథ. భార్య పోయిన రెండేళ్లకు, 1874లో, కొడుకు చార్లెస్‌నీ కూతురు మేరీనీ వెంటబెట్టుకుని ఆయన స్విట్జర్లాండ్ చేరారు. అక్కడ ఫ్రెంచిలో పత్రిక నడపాలి. చదివి అర్థం చేసుకునే భాష వేరు, పొద్దున్న లేచి పాలవాడితో మాట్లాడే భాష వేరు. అంత పండితుడూ మళ్లీ అక్షరాభ్యాసం దగ్గర కూర్చున్నారు. ఇంట్లో ముగ్గురూ ఫ్రెంచిలోనే మాట్లాడుకోవాలని కాగితం మీద ఒప్పందం రాసుకున్నారు. వేరే భాషకు సాయంత్రం ఒక గంట మాత్రమే సడలింపు. 1876లో పత్రిక వచ్చింది. దాని ప్రూఫులు దిద్దినవాళ్లలో మేరీ ఒకతె. పిల్లలకు భాష తొందరగా అబ్బుతుంది. తండ్రి కలం తడబడిన చోటు ఆ అమ్మాయి చెవికి తెలిసేది. 1878లో, పదిహేడేళ్లకే, క్షయ ఆమెను తీసుకుపోయింది. అదే జబ్బుతో 1883లో బాసెల్ నగరంలో ఆయనా పోయారు. ఆయన పేరుతో ఇవాళ మిషిగన్‌లో ఒక విశ్వవిద్యాలయమే ఉంది. మేరీ గురించి చదివినప్పుడల్లా మాత్రం నాకు మన విశాఖపట్నమే గుర్తొస్తుంది.

ఆండ్రూస్ పుట్టకముందే, 1805లో, లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖలో దిగారు. బైబిల్‌ను తెలుగు చేయాలని వాళ్ల తపన. ఇద్దరూ తెలుగు నేర్చుకున్నారు, కష్టపడ్డారు. కానీ పని నిజంగా ముందుకు సాగింది ఆనందరాయర్ వచ్చి చేరాక. ఆయన బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవం తీసుకున్న మనిషి. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో చనిపోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు తెలుగులో అచ్చయింది 1812లో, శ్రీరాంపూర్‌లో. తమ పుస్తకాన్ని దొరలిద్దరిలో ఒక్కరూ చూడలేదు. ఆ తర్వాత అదే విశాఖ మిషన్‌కు చెందిన ప్రిచెట్ కొత్త నిబంధన మొత్తాన్ని తెలుగు చేయగా 1818లో మద్రాసులో అచ్చయింది. చరిత్రలు రాసేవాళ్లు దొరల పేర్లు ముందు పెట్టి, ఆనందరాయర్‌ను సహాయకుడని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. తెలుగు వాక్యం ఎక్కడ కుంటుతోందో చెప్పగలిగినవాడు ఆ గదిలో ఆయనే కదా!

ఈ సంగతి నాకు ఇంతలా పట్టడానికి కారణం నేను చేసే పని. పరవాడ ఫార్మాసిటీలో కార్మికుల కోసం ఇంగ్లీషులో ఉండే భద్రతా సూచనలను తెలుగు చేస్తుంటాను. రాసినదాన్ని నేనొక్కడినే చదువుకుని పంపేయను. షిఫ్టు దిగిన ఆపరేటర్‌ను ఎవరినైనా బతిమాలి, టీకొట్టు దగ్గర కూర్చోబెట్టి, పైకి చదవమంటాను. "మేస్టారూ, ఇక్కడ ఊపిరి సాల్లేదు," అన్నాడొకసారి ఒకతను. రియాక్టర్‌లోకి సాల్వెంట్ ఎక్కించే ముందు ఏమేం చూసుకోవాలో చెప్పే వాక్యమది. వ్యాకరణంలో తప్పేమీ లేదు. కానీ అందులో పనులు జరగాల్సిన వరసలో లేవు. ఏ వాల్వు ముందు మూయాలో అతని చేతులకు తెలుసు, నాకు కాగితం మీదే తెలుసు. ఇద్దరం కలిసి దాన్ని నాలుగు చిన్న వాక్యాలు చేశాం. వాటిలో రెండు అచ్చంగా అతనివే.

రాత్రి షిఫ్టు చేసి వచ్చి కళ్లు మండుతున్నా గంటసేపు నా కాగితాలు చదివిపెట్టే ఇలాంటివాళ్లకు దక్కేది టీ, బన్ను. అనువాదానికి డబ్బులు నాకొస్తాయి. ఏ బోర్డు మీదా, ఏ రిజిస్టరులోనూ వాళ్ల పేరుండదు. రెండు వందల ఏళ్ల కిందట ఆనందరాయర్‌కు జరిగిందే ఇప్పుడు మా టీకొట్టు దగ్గరా జరుగుతోంది. కంపెనీలవాళ్లను నేను అడిగేది చిన్న మార్పే. అనువాదం పని అప్పగించేటప్పుడే, దాన్ని చదివి సరిచూసే కార్మికుడికి రెండు రోజుల డ్యూటీ కట్టివ్వండి. డ్యూటీ అయ్యాక అలసిపోయినప్పుడు కాదు, పనిగంటల్లోనే ప్లాంటులో ఆ యంత్రం పక్కనే నిలబడి చదవనివ్వండి. కాగితం కింద సంతకాల గళ్లలో అతనికీ ఒక గడి ఉంచండి.