అలౌకిక ప్రణయ నవల – కౌమార పాఠకుల ఆకర్షణ: వరూధిని నుండి బెల్లా వరకు

వ్యాస సంగ్రహం

కౌమార పాఠకులు అలౌకిక ప్రణయ నవలల పట్ల చూపే ఆసక్తిని విమర్శకులు తరచుగా పలాయనవాదంగా కొట్టివేస్తుంటారు. ఈ వ్యాసం ఆ అభిప్రాయాన్ని పునఃపరిశీలిస్తుంది. స్టెఫెనీ మేయర్ ‘ట్వైలైట్’ను అల్లసాని పెద్దన ‘మనుచరిత్ర’లోని వరూధినీ వృత్తాంతంతో పోల్చి, ఈ ఆకర్షణకు గల కారణాలనూ, అందులో పొంచి ఉన్న ప్రమాదాన్నీ వివేచిస్తుంది.

కీలక పదాలు: అలౌకిక ప్రణయం, కౌమార పఠనం, జనప్రియ నవల, మనుచరిత్ర, వరూధిని, ట్వైలైట్.

1. ఉపోద్ఘాతం

మానవులకూ మానవేతరులకూ మధ్య సాగే ప్రేమ ఇతివృత్తంగా గల నవలను అలౌకిక ప్రణయ నవల అనవచ్చు. 2005లో వెలువడిన ‘ట్వైలైట్’ 2008 నాటికి నాలుగు నవలల మాలికగా విస్తరించి, ఈ ప్రక్రియకు ప్రపంచవ్యాప్త ప్రాచుర్యం తెచ్చింది. ప్రతిలిపి వంటి వేదికలు తెలుగు ప్రణయ, భయానక ధారావాహికలను సెల్‌ఫోన్‌లోకే తెచ్చాయి. చేజర్ల, ఆత్మకూరు, ఉదయగిరి వంటి మెట్ట ప్రాంతపు విద్యార్థికి ఇటువంటి కథలు దొరకడానికి నేడు పుస్తకాల దుకాణం అవసరం లేదు. అయితే తరగతిలో బోధించే ప్రబంధానికీ, తరగతి వెలుపల చదివే ఈ కథకూ పొత్తు లేదన్న భావన విద్యారంగంలో స్థిరపడింది. ఆ భావన ఎంతవరకు సమంజసమన్నదే ఇక్కడి ప్రశ్న.

2. తెలుగు జనప్రియ నవల: రెండు పాయలు

ఆధునిక తెలుగు జనప్రియ నవలలో ప్రణయం, అలౌకికం ప్రధానంగా వేరువేరు పాయలుగా ప్రవహించాయి. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ మధ్యతరగతి యువతి కలలకు రూపమిచ్చింది. అందులోని రాజశేఖరం సంపన్నుడు, అందగాడు, అయినా మానవుడే. 1980 దశకం తొలినాళ్ళలో పాఠకులను ఉర్రూతలూగించిన యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’లో చేతబడి, కాష్మోరా ఉన్నాయి, కానీ ఆ కథకు కేంద్రం ప్రణయం కాదు, ఒక బాలిక ప్రాణం. ఆ నవల మూఢనమ్మకాలను పెంచుతుందని రంగనాయకమ్మ తీవ్రంగా విమర్శించారు. అప్పటి నుండి అలౌకిక ఇతివృత్తంపై చర్చ ‘నమ్మకమా, హేతువా’ అన్న ప్రశ్న చుట్టూనే ఎక్కువగా తిరిగింది. పాఠకుడు ఆ కథను నమ్మి చదువుతున్నాడా, లేక తన మనసులోని మరేదో విషయానికి సంకేతంగా చదువుతున్నాడా అన్న ప్రశ్నకు తగినంత చోటు దక్కలేదు.

సినిమా మాత్రం ఈ రెండు పాయలనూ కలిపింది. ‘జగదేకవీరుని కథ’ (1961), ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ (1990) చిత్రాలలో దేవకన్య మానవుణ్ణి వరిస్తుంది. గమనించవలసిన అంశం ఏమిటంటే, వీటిలో అలౌకిక వ్యక్తి స్త్రీ. కథ పురుషుని అదృష్టగాథగా నడుస్తుంది. ‘ట్వైలైట్’ ఈ అమరికను తలకిందులు చేసింది. అక్కడ అలౌకికుడు పురుషుడు. కథ చెప్పేది పదిహేడేళ్ళ మానవ బాలిక.

3. ఆకర్షణకు మూలాలు

మొదటిది శరీరం. కౌమారంలో దేహం తన ప్రమేయం లేకుండానే మారిపోతుంది. రక్తపిపాసి అయిన ఎడ్వర్డ్ తన దేహ స్వభావంతో నిత్యం పోరాడుతుంటాడు. తన శరీరానికి తానే కొత్తగా తోస్తున్న పాఠకురాలికి ఆ పోరాటం పరాయిది కాదు.

రెండవది రహస్యం. ఎడ్వర్డ్ అందరి ఆలోచనలూ చదవగలడు, బెల్లా మనసు తప్ప. ఇంట్లో, బడిలో నిరంతరం పెద్దల నిఘాలో పెరిగే వయసులో, ఎవరికీ అందని మనసు ఉండడం గొప్ప స్వాతంత్ర్యం.

మూడవది ఎల్లలు దాటే ప్రేమ. ‘వేరే జాతి’ వానిని ప్రేమించడం అన్న ఇతివృత్తం, కులాంతర ప్రేమ గురించి బహిరంగంగా మాట్లాడలేని సమాజంలో మరో అర్థాన్ని సంతరించుకుంటుంది. నేరుగా అడగలేని ప్రశ్నను కల్పన చాటున అడిగే వెసులుబాటు ఈ నవల ఇస్తుంది. దీనిని పలాయనం అనడం కన్నా పరోక్ష సంభాషణ అనడం ఉచితం.

4. వరూధిని – బెల్లా

ఈ సంభాషణకు తెలుగులో పూర్వరంగం ఉంది. ‘మనుచరిత్ర’ కృతిభర్త శ్రీకృష్ణదేవరాయలు. 1514లో గజపతుల నుండి ఉదయగిరి దుర్గాన్ని గెలిచినవాడు. ఆ కావ్యంలో అప్సరస వరూధిని హిమాలయంలో ప్రవరుణ్ణి చూసి మోహిస్తుంది. తన కోరికను తానే చెబుతుంది. ప్రవరుడు నియమనిష్ఠలకు కట్టుబడి నిరాకరిస్తాడు. ‘ట్వైలైట్’లోనూ కోరికను వ్యక్తం చేసేది బెల్లా, నిగ్రహం పాటించేది ఎడ్వర్డ్. ఒకరిది ధర్మ నిగ్రహం, మరొకరిది ప్రాణహాని భయం వల్ల పుట్టిన నిగ్రహం. రెండు చోట్లా ఉత్కంఠకు మూలం ఆ నిగ్రహమే. అయితే వరూధిని వేదనను కవి చెబుతాడు. బెల్లా తన వేదనను తానే చెప్పుకుంటుంది. కౌమార పాఠకురాలిని కథలోకి లాగేది ఈ ఉత్తమ పురుష కథనమే.

5. ప్రేమ ముసుగులో అధికారం

పోలిక ఇక్కడితో ఆగితే అసంపూర్ణమే. ఎడ్వర్డ్ బెల్లాకు తెలియకుండా ఆమె గదిలోకి వచ్చి, ఆమె నిద్రిస్తుండగా చూస్తుంటాడు. నవల దానిని గాఢమైన ప్రేమగా చిత్రిస్తుంది. వరూధిని గతంలో తిరస్కరించిన గంధర్వుడు ప్రవరుని రూపం ధరించి ఆమెను పొందుతాడు. మార్కండేయ పురాణంలోని మూలకథలో, సంగమ వేళ కన్నులు మూసుకోవాలని ఆమెకు నియమం పెడతాడు. ఒకరు నిద్రలో ఉన్న స్త్రీని చూస్తారు, మరొకరు స్త్రీని చూడనివ్వరు. రెండింటా పురుషునికి తెలిసినది స్త్రీకి తెలియదు. ఈ అసమానత ప్రేమగా చలామణి కావడమే అలౌకిక ప్రణయంలోని అసలు ప్రమాదం. కాష్మోరా ఉందా లేదా అన్న చర్చ కన్నా కౌమార పాఠకులకు ఇదే అవసరమైన చర్చ.

6. ముగింపు

అలౌకిక ప్రణయ నవల కౌమార పాఠకులకు తమ దేహాన్ని, రహస్యాన్ని, నిషిద్ధ ప్రేమను గురించి ఆలోచించే చోటు కల్పిస్తుంది. అదే సమయంలో నిఘానూ మోసాన్నీ ప్రేమగా భ్రమింపజేయగలదు. ఈ నవలలను నిషేధించినంత మాత్రాన ఆ భ్రమ తొలగదు. వరూధినీ వృత్తాంతాన్ని వర్ణనల, అలంకారాల పరిధిలోనే ముగించకుండా, ఆమెకు ఏది తెలియనివ్వలేదో కూడా తరగతిలో చర్చించినపుడు, విద్యార్థి తాను సొంతంగా చదివే నవలకూ అదే ప్రశ్న వేయగలుగుతాడు. ప్రబంధ బోధనకు నేటి ప్రయోజనాల్లో ఇది ముఖ్యమైనది.